నీళ్లు పోసే కాళ్లు

మా బజారులో నా కాళ్ల మీద నీళ్లు పోయించుకోని పిల్లలు తక్కువ. ఎవరింట్లో కాన్పయినా మూడో రోజుకల్లా "చంద్రవ్వను పిలవండి" అనేవాళ్లు. చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని, కాళ్లు బారచాపి, పసిగుడ్డును పిక్కల మీద బోర్లా పడుకోబెట్టి నేను నీళ్లు పోస్తుంటే ఆ తల్లులు ఊపిరి బిగబట్టి చూసేవారు. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు నాకన్నా పొడుగు పెరిగి సాంచల మీద పనిచేస్తున్నారు. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచలంటాం. వాళ్లు ఎదురుపడి నమస్తే పెడితే "నీ ముడ్డి కడిగిన చేతులురా ఇవి" అంటాను. అంత గర్వం నాది.

అంత గర్వం ఉన్నదాన్ని, నా సొంత మనుమరాలు పుడితే దానికి నీళ్లు పోయడానికి పక్క బజారు కమలవ్వను పిలిపించాను. పోయిన ఎండాకాలం సంగతి ఇది.

దానికి ముందటి వానాకాలంలో లంగా నాడా కట్టుకునే చోట నా నడుముకు ఒక మచ్చ లేచింది. రూపాయి బిళ్లంత, గుండ్రంగా, అంచులు ఎర్రగా. రాత్రీ పగలూ ఒకటే దురద. మా ఆయన దశరథానికి కూడా ఎప్పటినుంచో గోకుడు ఉంది. అడిగితే "నూలు రంగు పడుతలేదు, సాంచల మీద చేసేటోనికి ఇది లేకుండ ఉంటదా" అంటాడు. మా బజారులో మగవాళ్లందరిదీ అదే మాట. నాదీ రంగు పడకనే అనుకున్నాను. నేను సాంచ ముఖం చూసేదాన్ని కాదు, ఇంట్లో బీడీలు చేసేదాన్ని. మరి నాకు రంగు ఎక్కడిదని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మెడికల్ షాపుకు పోయి "మా చుట్టాలామెకు జర దురద ఉందట" అన్నాను. షాపాయన నా ముఖం కూడా చూడకుండా ఒక ట్యూబు తీసి ఇచ్చాడు. రాసిన మూడో రోజుకు మచ్చ మాయం. ఆయన కడుపు చల్లగుండాలని మొక్కుకున్నాను. నెల తిరగకముందే ఒకటి ఉన్నచోట నాలుగు లేచాయి. మళ్లీ ట్యూబు, మళ్లీ మాయం, మళ్లీ ఇంకో జాగాలో. సంక్రాంతి పోయేసరికి నడుము చుట్టూ తిరిగి, తొడలకు దిగి, మోకాళ్లను పట్టుకుంది. బీడీలు చేసేటప్పుడు ఒళ్లో చాట ఉంటుంది కాబట్టి కింద ఎంత గోక్కున్నా ఎవరికీ కనపడలేదు. ఆ చాటకు కూడా నేను దండం పెట్టాలి.

డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదంటే ఏం చెప్పను? ముప్పై ఏళ్లు కాపురం చేసిన మొగుడికే చూపించలేదు. పైగా చంద్రవ్వకు తామర ఉందట అని ఒక్క నోట పడితే, ఈ బజారులో ఏ తల్లి తన పసిబిడ్డను నా కాళ్ల మీద వేస్తుంది? అందుకని పిలవడానికి వచ్చినవాళ్లకు "మోకాళ్లు నొస్తున్నయి బిడ్డా" అని చెప్పడం మొదలుపెట్టాను. అందరూ నమ్మారు. వయసు నాకు బాగా సాయం చేసింది.

మాకు ఒక్కతే కూతురు, మమతారాణి. మంచిర్యాలలో ఇచ్చాం. తొలి కాన్పుకని ఏడో నెలలో ఇంటికి తెచ్చుకున్నాం. ఏప్రిల్ చివర్లో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. బంగారు బొమ్మ. దాన్ని దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన తెల్లారి, మమత కుట్లు పట్టుకుని మెల్లగా నడిచి వాకిట్లోకి వచ్చింది.

"అవ్వా, నీళ్లు కాగినయి. పీటేస్కో" అంది.

"నా మోకాళ్లు సక్కగ లేవు బిడ్డా. కమలవ్వను రమ్మన్న."

"కమలవ్వనా?" అది నన్ను ఎగాదిగా చూసింది. "బజార్ల పిల్లలందరికి నువ్వు పోసినవ్. నా బిడ్డకు కమలవ్వ పోస్తదా?"

"నొస్తున్నయంటే ఇనవేమే?"

అది గోడ పట్టుకుని లోపలికి పోయింది. కమలవ్వ వచ్చి, గోరువెచ్చని నీళ్లతో పది చెంబుల్లో పని ముగించి పోయింది. పాప కిక్కురుమనలేదు. తలుపు పక్కన నిలబడి చూస్తుంటే నా కాళ్లు గుంజాయి. దురద వల్ల కాదు.

నీళ్లు పోయకపోతే పోయె, ఎత్తుకోవచ్చు కదా అంటారేమో. ఎత్తుకుంటే నడుముకు ఆనించుకోవాలి, ఒళ్లో వేసుకోవాలి. నాకు ధైర్యం చాలలేదు. మమత పాలిచ్చిన వెంటనే పాపను నా చేతికి అందించేది. నేను రెండు చేతులతో దూరంగా పట్టుకుని అటునుంచి అటే తొట్టెల్లో వేసేదాన్ని. "పొయ్యి మీద కూర మాడుతుంది" అనేదాన్ని, "బీడీల లెక్క ఇయ్యాలె" అనేదాన్ని. పన్నెండో రోజు అలాగే వేయబోతుంటే మమత నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మొగపిల్లగాడైతే నీ మోకాళ్లు నొయ్యకపోవు గదా అవ్వా."

"ఏం మాటలే అవి!"

"మరేందవ్వా? పన్నెండు దినాలైంది. ఒక్కసారన్న ఒళ్లె పండవెట్టుకున్నవా? ఇరవై ఒకటినాడు మా అత్తమ్మ వస్తది. ఆమె వెంట పోత. మళ్ల ఈ గడప తొక్క."

నోరు తెరిస్తే నిజం చెప్పాలి. నోరు మూసుకుంటే కూతురు పోతుంది. నేను నోరు మూసుకుని వంటింట్లోకి పోయాను. ఆ పూట అన్నం సగం ఉడికింది, సగం మాడింది.

తెల్లారి కంటి అద్దాలు చూపించుకుంటానని ఇంట్లో చెప్పి కరీంనగర్ బస్సెక్కాను. సిరిసిల్లలో డాక్టర్లు లేక కాదు, నన్ను గుర్తుపట్టేవాళ్లు లేని ఊరు కావాలి నాకు. పెద్దాసుపత్రిలో చీటీ రాసే ఆమె "దేనికమ్మా?" అని అడిగితే "చర్మం" అనడానికి నాకు రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

లోపల ఉన్న డాక్టరమ్మ పేరు ఆమని. నా కూతురు కన్నా నాలుగైదేళ్లు పెద్దదేమో. పక్కన డాక్టరు చదువు చదివే ఇద్దరు మగపిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు చీర ఎత్తి చూపించడం నా వల్ల కాదు. ఏం చేయాలో తోచక మోచెయ్యి చాపాను.

"గిక్కడ జర దురద మేడం."

ఆమె మోచేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇక్కడేం లేదు గదమ్మా."

"పొద్దుగాల ఉండె."

ఆమె నవ్వలేదు. నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది. "కూసో అమ్మా" అంది. నేను నిలబడే ఉన్నాను. కూర్చుంటే తొడలు ఒరుసుకుని మంట. ఆమె ఇంకోసారి కూర్చోమనలేదు. ఆ పిల్లలిద్దరిని బయటికి పొమ్మంది, తలుపు దగ్గరికి వేసింది, మంచం చుట్టూ ఉన్న పరదా గుంజింది.

"ఇప్పుడు నువ్వు, నేనే ఉన్నం. యాడ ఉన్నదో చూపెట్టు. ఎన్ని దినాల సంది పడుతున్నవ్?"

నేను కళ్లు మూసుకుని చూపించాను. ఛీ అంటుందనుకున్నాను, కనీసం ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె వంగి, నా మోకాలి మీద చేత్తో తాకింది. నెలల తరబడి నేను తప్ప ఎవరూ తాకని జాగా అది.

"ఎంత తిప్పల పడ్డవమ్మా" అంది.

ఆ ఒక్క మాటకు నాకు ఏడుపు ఆగలేదు. మా అవ్వ చచ్చిపోయిననాడు కూడా అంత ఏడవలేదేమో. ఆమె తొందరపెట్టలేదు. బయట లైను ఎంత పొడుగుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా నా ఏడుపు అయ్యేదాకా ఆగింది. ఆ తల్లికి ఏమిచ్చినా తక్కువే.

చేతిరుమాల్లో చుట్టి తెచ్చిన ట్యూబు చూపిస్తే తల పట్టుకుంది. "ఇది నిప్పు మీద బూడిద కప్పినట్టమ్మా. పైకి సల్లారినట్టు కొడుతది, లోపట పాకుతది. చర్మం కూడా పలుచబడ్డది చూడు. ఎవరిచ్చిన్రు, మెడికల్ షాపాయననా?" నేను తలూపాను. "సరే. స్నానం చేసినంక దేంతోని తుడుచుకుంటరు మీ ఇంట్ల?"

"తువ్వాలతోని."

"ఎన్ని తువ్వాలలు?"

"ఒక్కటే మేడం. తువ్వాలంటే తువ్వాల గాదు, సాంచ మీద డ్యామేజీ అయిన గుడ్డ ఉంటది గదా, అది సింపి గోడకు కొట్టిన మొలకు ఏలాడేస్తం. అందరం దాంతోనే..."

"కట్టుకునే లంగాలు?"

"అవి కూడ ఆ గుడ్డతోనే నేనే కుట్టుకుంట. పాలిస్టరు. గట్టిగుంటయి."

ఆమె నా ముఖం చూసి మెల్లగా అంది, "ఊరందరికి గుడ్డ నేసేటోళ్ల ఇంట్ల తలా ఒక తువ్వాల లేదా అమ్మా?"

ఏమని చెప్పాలి? మా బజారులో తువ్వాల కొనుక్కున్న ఇల్లు నాకు తెలియదు. ఇంట్లో నేసేవాడు ఉండగా గుడ్డ కొనుక్కోవడమా అని నవ్వుతారు. దుకాణానికి పనికిరాని గుడ్డంతా మా ఒంటి మీదికే వస్తుంది. చెమట పట్టనివ్వని ఆ గుడ్డను నాడా బిగించి కట్టుకుంటాం, ఆయన గోక్కుని తుడుచుకున్న గుడ్డతోనే నేనూ తుడుచుకుంటాను. ఆరు బయట ఎండేస్తే పరువు పోతుందని వంటింటి తీగ మీద ఆరేస్తాం. రంగు మీద తప్పు వేసి ఇన్నేళ్లు మేమే దాన్ని ఒకరికొకరం పంచుకున్నాం.

"ఇది తామర. పోతది, భయపడకు" అంది డాక్టరమ్మ. "కని ఇంట్లున్నోళ్లందరు ఒక్కసారే మందు వాడాలె. ఒక్కరు మిగిలినా మళ్ల అందరికి వస్తది. అందరిని తోలుకరా."

"మేడం, మనుమరాలు పుట్టింది. దానికి నీళ్లు పోయాలె."

"మూడు వారాలు మందు వాడు. అప్పుడు నేను సూసి చెప్త."

"మా ఆయనకు, బిడ్డకు ఈ ముచ్చట ఎట్ల చెప్పాలె?"

"నాకు చెప్పినవ్ గదా. గట్లనే."

గట్లనే అంటే మోచెయ్యి చూపించడంతో మొదలుపెట్టాలా అనుకుని, బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఎన్నాళ్ల తర్వాత నవ్వానో.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. దశరథం సాంచల కార్ఖానా నుంచి అప్పుడే వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. సర్కారు చీరల ఆర్డరు నడుస్తున్న రోజులు, తినే పూటకు కూడా తీరిక లేదు ఆయనకు. మమత మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పాప తొట్టెల్లో ఉంది. కూర్చుంటే ధైర్యం పోతుందని గడపలో నిలబడే మొత్తం చెప్పేశాను. అద్దాలకు పోలేదని, తామరని, ఏడాదైందని, మోకాళ్ల నొప్పి అబద్ధమని, అందుకే పాపను ముట్టుకోలేదని. చెప్తున్నంతసేపు నేల చూసే చెప్పాను.

మంచం కిర్రుమంది. మమత లేచి, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, పాప బట్టలు పెట్టిన అల్మారా దగ్గరికి పోయింది. మడత పెట్టిన పొత్తిళ్ల అడుగు నుంచి ఏదో తీసి నా చేతిలో పెట్టింది.

అదే ట్యూబు. సగం వరకు వాడి, కింది నుంచి చుట్టి ఉంది.

"ఈడికి వచ్చిన నెలకే షురూ అయింది" అంది. "నడుముకు."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వెందుకు చెప్పలే?"

దాని కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "ఒళ్లె పండుకోవెట్టుకుంటే బిడ్డకు అంటుకుంటదని భయమైంది అవ్వా. పాలిచ్చుడు, ఎంబడే నీకిచ్చుడు. నువ్వన్న జరసేపు ఎత్తుకుంటవేమో అనుకున్న. నువ్వేమో తొట్టెల ఏస్తుంటివి. నా బిడ్డను పట్టుకునేటోళ్లే లేరాయె అని..."

పదమూడు రోజులుగా తల్లి ఒకవైపు, అమ్మమ్మ ఒకవైపు, ఆ పసిదాన్ని ముట్టుకోవాలని గుంజుకుపోతూ, ముట్టుకోకుండా తొట్టెల్లో పడేశాం. మమతకు ఆ తామర కూడా నా చేతుల మీదుగా వచ్చిందే. ఏడో నెలలో ఇంటికి రాగానే నడుము పెరిగిందని ముచ్చటపడి అరడజను లంగాలు కుట్టిచ్చాను, ఆ డ్యామేజీ గుడ్డతోనే. గోడ మొలకున్న గుడ్డతో తుడుచుకోమన్నాను. నా బిడ్డకు నేనే అంటించాను. ఆ మాట పైకే అన్నాను.

"నాది నీకు అంటిందో, నీది దానికి అంటిందో" అన్నాడు దశరథం. అప్పటిదాకా ఆయన అన్నం ముద్ద చేతిలోనే ఉంది. చెయ్యి కడుక్కుని లేచాడు. బాత్రూం గోడకు మొల మీద వేలాడుతున్న గుడ్డ తీశాడు. ఆయన నేసిన గుడ్డే అది. ఒకసారి అంచు పట్టి చూసి, బాలింత నీళ్లు కాగే పొయ్యిలో పెట్టాడు. పాలిస్టరు కాలిన కంపు ఇల్లంతా నిండింది.

"రేపు సాంచలు బందు" అన్నాడు. "పొద్దుగాల బస్సుకు పోదాం. అందరం."

ఆర్డరు ఉన్న రోజుల్లో ఆయన సాంచలు బందు పెట్టడం నేను అంతవరకు చూడలేదు. ఆయన వాళ్లమ్మ కర్మకు కూడా మధ్యాహ్నం వరకే ఆగాడు. మెచ్చుకోవడం నాకు రాదు కాబట్టి ఆ రాత్రికి ఆయనకు ఇష్టమైన తలకాయ కూర వండాను.

తెల్లారి ఆ చర్మం డాక్టరు వరండాలో మా బజారువాళ్లే ఇద్దరు కనపడ్డారు. ఇద్దరూ సాంచల మీద చేసేవాళ్లే. ఒకాయన మమ్మల్ని చూసి స్తంభం చాటుకు పోయాడు, ఇంకొకాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు, తలకిందులుగా. జీవితంలో గట్టిగా మాట్లాడని మా దశరథం వరండా మోగేలా పిలిచాడు.

"ఏం గంగయ్యా, గోకుడుకేనా? మేం గూడ గందుకే వచ్చినం. ఇంటిల్లిపాది వచ్చినం. నీ పెండ్లాన్ని తోలుకరాలేదేంది? ఒక్కనికి ఇస్తే పోదట ఇది."

గంగయ్య పేపరు కిందికి దించాడు. మెల్లగా వచ్చి మా బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి స్తంభం చాటాయన కూడా వచ్చాడు. "అంటే రంగు గాదా?" అని అడిగాడు. "రంగు గాదు" అన్నాడు మా ఆయన, తానే కనిపెట్టినట్టు.

మమతకు మందు, జాగ్రత్తలు అన్నీ చెప్పి, పాపను ఒళ్లంతా తిప్పి చూసింది డాక్టరమ్మ. ఎక్కడా ఏమీ లేదు. "పాలియ్యి, దగ్గర పండవెట్టుకో. మచ్చ ఉన్న జాగ మీద శుభ్రమైన నూలు గుడ్డ కప్పుకో, సాలు" అంది. మమత వెంటనే అక్కడే పాపను ఒళ్లో వేసుకుంది. ఇంటికి వచ్చేదాకా, బస్సు దిగేదాకా, మాకెవరికీ ఇవ్వలేదు.

ఇరవై ఒకటోనాడు వాళ్లత్తమ్మ వచ్చి, తొట్టెల పండుగ చేసి, "రడీ అయినవా బిడ్డా" అంటే, మమత నావైపు చూడకుండా "ఐదో నెల వడ్డంక వస్త అత్తమ్మా, ఇక్కడ జర పనుంది" అంది. నేను వంటింట్లోకి పోయి కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

ఆ మూడు వారాలు బట్టలు ఉడకబెట్టి, నడి ఎండలో వాకిట్లోనే ఆరేశాను. చూసేవాళ్లు చూశారు, అడిగేవాళ్లు అడిగారు. అడిగినవాళ్లకు దాచకుండా చెప్పాను. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఇద్దరు మాత్రం చీకటి పడ్డాక కాదు, పట్టపగలే వచ్చి, "ఆ డాక్టరమ్మ ఏ వారాలు ఉంటది చంద్రవ్వా?" అని అడిగి పోయారు.

జూన్ మొదట్లో ఆమని డాక్టరమ్మ నన్ను మళ్లీ పరదా వెనక చూసింది. నల్లటి మరకలు మిగిలాయి, దురద లేదు, ఎరుపు లేదు. "మందు ఇంక మూడు వారాలు ఆపకు. నీళ్లు మాత్రం మంచిగ పొయ్యొచ్చు" అంది. నేను ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను. నాకు తెలిసిన దీవెనలన్నీ పెట్టాను, "పిల్లాపాపలతో సల్లగుండు" నుంచి మొదలుపెట్టి. ఇంకా పెండ్లి కాలేదని నవ్వింది. అయితే అది కూడా కలుపుకొమ్మన్నాను.

మర్నాడు పొద్దున కమలవ్వను నేనే వద్దన్నాను. పీట వేసుకుని వాకిట్లో కూర్చుని చీర మోకాళ్ల పైకి దోపాను. మరకలన్నీ వెలుతురులో కనపడుతున్నాయి. వాకిలి తలుపు వేయబోతున్న మమతను ఉండనీ అన్నాను. అది నా ఎదురుగా కూర్చుని పాపను నా కాళ్ల మీద బోర్లా పెట్టింది. నలభై రోజుల పిల్ల. దాని బరువు ఎంతో నాకు ఆ రోజే తెలిసింది.

"మెల్లగ అవ్వా" అంది మమత.

"నాకు చెప్తున్నవా?" అన్నాను.

కమలవ్వ పోసే గోరువెచ్చని నీళ్లు కావు నావి. మొదటి చెంబు వీపు మీద పడగానే పాప ఒక్కసారి గుక్క పట్టి, ఎర్రగా కందిపోయి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. మమత కంగారుపడింది, నవ్వింది, ఏడ్చింది, మూడూ ఒక్కసారే. ఏడుపు విని ఎదురింటివాళ్లు తలుపు తీశారు. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "చంద్రవ్వ పోస్తుందే నీళ్లు!" అని లోపలికి కేకేసింది. నా నల్లమచ్చల కాళ్లు, వాటి మీద నా మనుమరాలు, బజారంతటికీ కనపడుతున్నాం. కనపడనీ అనుకుని ఇంకో చెంబు ముంచాను.